సుడిగాలి నోమో

జపాను దేశంలో ఒసాకా అనే పెద్ద రేవుపట్నం ఉన్నది. 1968 ఆగస్టు 31న ఆ పట్నంలో ఒక పిల్లవాడు పుట్టాడు. అతని పేరు హిదేవో నోమో. పెద్దవాడైన తరువాత అతడు బంతి విసరటమే వృత్తిగా పెట్టుకున్నాడు. సముద్రం దాటి అమెరికాకు పోయి, అక్కడ ఏడు పెద్ద జట్లలో ఆడాడు. ఒక జట్టు అతన్ని నెత్తిన పెట్టుకున్నది. మరొక జట్టు పోటీలు మొదలు కాకముందే అతన్ని పొమ్మన్నది. నెత్తిన పెట్టుకున్నప్పుడూ, పొమ్మన్నప్పుడూ అతను చేసిన పని ఒక్కటే. మర్నాడు లేచి బంతి పట్టుకున్నాడు.

నోమో ఆడిన ఆట బేస్‌బాల్. మనవైపు ఈ ఆట ఎక్కువగా కనిపించదు. కమాన్‌పూర్‌లో గాని, గోదావరిఖనిలో గాని పిల్లల చేతుల్లో ఉండేది క్రికెట్ బ్యాటే. అందుచేత ముందు ఈ ఆట సంగతి కాస్త తెలుసుకుందాం.

బేస్‌బాల్ మైదానంలో ఒక చతురస్రం ఉంటుంది. దాని నాలుగు మూలలనూ బేస్‌లంటారు. ఒక్కొక్క భుజం 90 అడుగులు. ఇందులో బ్యాటు మన బ్యాటులాగా బల్లపరుపుగా ఉండదు, సన్నని రోకలిలాగా గుండ్రంగా ఉంటుంది. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అతను చిన్న మట్టి దిబ్బమీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాటుదారుకు బంతి విసురుతాడు. బంతి నేలకు తగిలి లేవదు, గాలిలోనే వస్తుంది. బంతిని కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. మంచి బంతులు మూడు తప్పిపోతే బ్యాటుదారు అవుట్. దీన్ని స్ట్రైక్ అవుట్ అంటారు. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే, కొట్టకుండానే బ్యాటుదారుకు మొదటి మూల దక్కుతుంది. ఒక్కొక్క జట్టుకు తొమ్మిది మంది ఆటగాళ్ళు, తొమ్మిది వంతులు.

తొమ్మిది వంతులూ విసిరి, ఎదుటి జట్టులో ఒక్కరికి కూడా సరైన దెబ్బ దొరకకుండా చేసిన ఆటను నో హిట్టర్ అంటారు. ఎందరో గొప్ప పిచర్లకు అది జన్మలో ఒక్కసారి కూడా దక్కలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

కర్మాగారపు జట్టు

నోమో చిన్నప్పటినుంచీ ఒక వింత పద్ధతిలో బంతి విసిరేవాడు. చేతులు ఆకాశానికెత్తి, నడుము తిప్పి, బ్యాటుదారుకు వీపు చూపించి, ఒక క్షణం ఆగి, గిర్రున తిరిగి విసిరేవాడు. ఒళ్ళంతా మెలితిరిగి విడివడటంతో బంతికి వేగం వచ్చేది. తరువాతి రోజుల్లో జనం ఆ పద్ధతికి ‘టోర్నడో’ అని పేరు పెట్టారు. టోర్నడో అంటే పెద్ద సుడిగాలి.

జపానులో హైస్కూలు జట్లన్నిటికీ ఏటా కోషియెన్ అనే మైదానంలో జాతీయ పోటీ జరుగుతుంది. అక్కడ మెరిసినవాడికి పెద్ద జట్లు స్వాగతం పలుకుతాయి. నోమో చదివిన బడి కోషియెన్ దాకా రాలేదు. అందువల్ల బడి ముగించాక, 1987లో, అతను సకాయి పట్నంలోని నిప్పన్ స్టీల్ ఉక్కు కర్మాగారంలో చేరి, ఆ కర్మాగారపు జట్టులో ఆడసాగాడు.

జపానులో పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులతో బేస్‌బాల్ జట్లు నడపటం ఆచారం. సింగరేణి ఇళ్ళల్లో పెరిగే పిల్లలకు ఈ సంగతి కొత్తగా తోచదు. షిఫ్టు దిగి వచ్చి, సాయంత్రం వాలీబాల్, కబడ్డీ ఆడే నాన్నలూ బాబాయిలూ ఇక్కడా ఉన్నారు. ఒక గనివాళ్ళు మరొక గనివాళ్ళతో పోటీ పడటం ఇక్కడా ఉన్నదే.

కర్మాగారపు జట్టులో ఉండగానే నోమో ఒక కొత్త బంతి నేర్చుకున్నాడు. దాన్ని ఫోర్క్ బంతి అంటారు. చూపుడువేలునూ నడిమివేలునూ బాగా ఎడంచేసి, ఆ రెంటి సందున బంతిని ఇరికించి విసరాలి. వేళ్ళు అలా ఎడంగా సాగటానికి అతను రాత్రి నిద్రలో కూడా వేళ్ళ మధ్య బంతి కట్టుకుని పడుకునేవాడని చెప్పుకుంటారు.

బంతి ఎందుకు జారిపోతుంది?

ఫోర్క్ బంతి బ్యాటుదారు దాకా తిన్నగా వచ్చి, చివర ఉన్నట్టుండి కిందికి జారుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు.

వేగంగా విసిరిన బంతి గంటకు 145 కిలోమీటర్లు పోతుందనుకోండి. పిచర్ చేతినుంచి బ్యాటు దగ్గరికి చేరటానికి దానికి అర సెకను కూడా పట్టదు. ఆ కొద్దిసేపటిలోనే భూమి ఆకర్షణ దాన్ని సుమారు 80 సెంటీమీటర్లకు పైగా కిందికి లాగుతుంది. అయితే మామూలు వేగపు బంతి వేళ్ళ కొసలనుంచి వెనక్కు గిర్రున తిరుగుతూ బయలుదేరుతుంది. అలా తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కిందివైపుకు మళ్ళిస్తుంది, గాలి బంతిని పైకి నెడుతుంది. అందుచేత ఆ బంతి పడవలసినంత కిందికి పడదు.

ఫోర్క్ బంతిని వేళ్ళ సందునుంచి వదులుతారు గనక అది ఎక్కువగా తిరగదు. తిరగకపోతే గాలి ఆసరా తక్కువ. ఆసరా లేని బంతి ఎక్కువగా పడిపోతుంది. విసిరే చెయ్యి మాత్రం వేగపు బంతి విసిరినట్టే కదులుతుంది. బ్యాటుదారు వేగపు బంతి అనుకుని బ్యాటు ఊపుతాడు. బంతి బ్యాటు కింద దూరిపోతుంది. ఒక తెలిసిన బంతీ, దాని వేషంలో వచ్చే మరొక బంతీ, ఈ రెంటితోనే నోమో తన జీవితమంతా గడిపాడు.

1988లో సియోల్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్‌ను ప్రదర్శన క్రీడగా ఆడారు. రెండవ స్థానంలో నిలిచిన జపాను జట్టులో నోమో ఉన్నాడు. మరుసటి ఏడు జపాను వృత్తి జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేటప్పుడు ఎనిమిది జట్లు అతని పేరే రాశాయి. చీట్లు తీస్తే ఒసాకా ప్రాంతపు కింతెత్సు బఫెలోస్ జట్టుకు అతను దక్కాడు. నోమో ఒక షరతు పెట్టి సంతకం చేశాడు. తాను బంతి విసిరే పద్ధతిని ఎవరూ మార్చకూడదు! 1990లో, మొదటి ఏడే, అతను 18 ఆటలు గెలిపించి, 287 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. వరసగా నాలుగేళ్ళు తన లీగులో గెలుపుల్లోనూ, స్ట్రైక్ అవుట్లలోనూ అతనిదే మొదటి స్థానం.

ఆడటం కోసం ఆట మానుకున్నాడు

1993లో జట్టుకు కొత్త మేనేజరు వచ్చాడు. ఎంత ఎక్కువగా విసిరితే చెయ్యి అంత గట్టిపడుతుందని నమ్మే పాతకాలపు శిక్షణ ఆయనది. 1994 జులైలో ఒక ఆటలో నోమో 191 బంతులు విసిరాడు. ఈనాడు అమెరికాలో పిచర్లు చాలా ఆటలలో నూరు బంతులు దాటరు. ఆ ఏడు అతని భుజం దెబ్బతిన్నది.

తల్లిదండ్రులు కూడా ఈ సంగతి గమనించాలి. ఎముకలు ముదరని పిల్లలు అతిగా బంతి విసిరితే మోచెయ్యీ భుజమూ పాడవుతాయి. అమెరికాలో బాలుర పోటీలలో ఏ వయసువాడు రోజుకు ఎన్ని బంతులు విసరవచ్చునో నియమాలున్నాయి.

నోమో కొన్నేళ్ళకు సరిపడా ఒప్పందం అడిగాడు. తన తరఫున మాట్లాడటానికి ఒక ప్రతినిధిని పెట్టుకుంటానన్నాడు. జట్టు రెంటికీ ఒప్పుకోలేదు. ఇంకొక జట్టుకు పోదామంటే నియమాల ప్రకారం పదేళ్ళు ఆడి ఉండాలి. అతను ఆడినవి అయిదే.

అమెరికాకు పోయే దారి కూడా మూసుకుని ఉన్నది. అంతకు ముప్ఫై ఏళ్ళ కిందట మసనోరి మురకామి అనే పిచర్‌ను అతని జట్టు శిక్షణకని అమెరికా పంపింది. అతను అక్కడ బాగా రాణించి, 1964 సెప్టెంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కో జయంట్స్ తరఫున ఆడాడు. అమెరికా పెద్ద లీగులో ఆడిన మొదటి జపానీయుడు అతనే. అంతటితో ఈ పిల్లవాడు మావాడంటే మావాడని రెండు జట్లూ తగువు పడ్డాయి. 1965 పోటీలు ముగిశాక మురకామి స్వదేశం వచ్చేశాడు. ఒకరి ఆటగాళ్ళను ఒకరు లాక్కోరాదని రెండు దేశాలవారూ ఒప్పందం చేసుకున్నారు. తరువాత దాదాపు ముప్ఫై ఏళ్ళపాటు జపాను నుంచి ఒక్కరు కూడా అమెరికా పెద్ద లీగులో ఆడలేదు.

నోమో తరఫున మాట్లాడే డాన్ నొమూరా అనే ఆయన నియమాల పుస్తకాన్ని అక్షరం అక్షరం చదివాడు. అందులో ఒకచోట, స్వచ్ఛందంగా విరమించిన ఆటగాడు మళ్ళీ ఆడదలిస్తే జపానులో పాత జట్టుకే ఆడాలని ఉన్నది. జపాను బయట ఆడరాదని మాత్రం లేదు! మన పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల వైపునుంచి ఎందరో మస్కటు, దుబాయి పోయి పని చేస్తారు. కాగితంలో ఒక్క మాటకు ఎంత విలువో ఆ ఇళ్ళ పిల్లలకు వేరే చెప్పనక్కర లేదు.

ఇరవయ్యారేళ్ళ వయసులో నోమో ‘నేను ఆట విరమిస్తున్నాను’ అని ప్రకటించాడు. ఆడటం కోసం ఆట మానుకోవలసి వచ్చింది. జపాను పత్రికలు అతన్ని ద్రోహి అన్నాయి. పెంచిన జట్టును వదిలి పోతున్న కృతఘ్నుడన్నాయి. అక్కడ ఓడిపోతే తిరిగి రావటానికి అతనికి మంచి మార్గం లేదు. అయినా బయలుదేరాడు.

లాస్ ఏంజిలిస్‌లో

1995 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టు నోమోకు 20 లక్షల డాలర్ల ముందు సొమ్ము ఇచ్చి చేర్చుకున్నది. ఆ రోజుల్లో అమెరికాలో బేస్‌బాల్ పరిస్థితి బాగా లేదు. జీతాల తగువుమీద 1994 ఆగస్టులో ఆటగాళ్ళు సమ్మె కట్టారు. ఆ ఏడు చివరి పోటీలే జరగలేదు. సమ్మె ముగిసేసరికి జనం విసిగిపోయి ఉన్నారు. అటువంటి సమయంలో, వీపు చూపించి బంతి విసిరే కొత్త మనిషి వచ్చాడు.

మే 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో అతని మొదటి ఆట. అయిదు వంతులు విసిరి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. అయితే అతను దిగిపోయిన తరువాత, 15 వంతుల దాకా సాగిన ఆ ఆటలో అతని జట్టు ఓడిపోయింది. మొదటి గెలుపు కోసం అతను జూన్ 2 దాకా, సరిగ్గా నెల రోజులు, కాచుకోవలసి వచ్చింది.

ఆ తరువాత ఆగింది లేదు. జులైలో మేటి ఆటగాళ్ళందరూ ఆడే ఆల్‌స్టార్ ఆటలో తన లీగు తరఫున మొదటి బంతి అతనే విసిరాడు. అమెరికాలో రాత్రి ఆట జరిగేటప్పుడు జపానులో మర్నాటి పగలు. పట్నాల కూడళ్ళలో పెద్ద తెరలమీద నోమో ఆట చూపిస్తుంటే జనం గుమిగూడి చూశారు. ద్రోహి అన్న మాట ఇక వినిపించలేదు. ఏడాది చివరకు 13 గెలుపులు, 6 ఓటములు, 236 స్ట్రైక్ అవుట్లు. ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి కూడా అతనికే వచ్చింది. 1947లో ఆ బహుమతిని మొట్టమొదట అందుకున్నది అదే జట్టుకు చెందిన జాకీ రాబిన్సన్. నల్లవారికి మూసి ఉంచిన పెద్ద లీగు తలుపు తెరిచినవాడు ఆయన.

పలచని గాలిలో

1996 సెప్టెంబరు 17న డెన్వర్ నగరంలో ఆట. డెన్వర్ సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. మన గోదావరిఖని ఎత్తు రెండు వందల మీటర్లకు లోపే. అంత ఎత్తున గాలి సుమారు ఆరో వంతు పలచన. అందుచేత కొట్టిన బంతి చాలా దూరం పోతుంది. పిచర్ తిప్పి విసిరిన బంతి సరిగా వంగదు. ఆ మైదానమంటే పిచర్లకు భయం.

పైగా ఆ రోజు వాన కురిసింది. ఆట ఆలస్యంగా మొదలయింది. మట్టి దిబ్బ జారుడుగా ఉన్నది. ఒంటికాలిమీద మెలితిరిగితే నోమో జారిపడతాడు. అప్పుడతడు ఏంచేశాడు? తన సుడిగాలినే మానుకున్నాడు. ఎవరూ మార్చరాదని షరతు పెట్టి కాపాడుకున్న పద్ధతిని, ఆనాటి నేలను బట్టి తనంతట తానే పక్కన పెట్టాడు. తిరగకుండా, పొట్టిగా అడుగు వేసి విసరసాగాడు. తొమ్మిది వంతులూ పూర్తయేసరికి డాడ్జర్స్‌కు 9 పరుగులు, డెన్వర్ జట్టుకు సున్న. ఒక్కరికి కూడా సరైన దెబ్బ దొరకలేదు. నో హిట్టర్! డెన్వర్‌లోని ఆ మైదానంలో మరొక పిచర్‌కు అది ఇంతవరకూ సాధ్యం కాలేదు.

సంచి భుజాన వేసుకుని

ఇక్కడ కథ ముగిస్తే బాగానే ఉండును. కాని నోమో జీవితం ఇక్కడ ముగియలేదు.

1997లో అతని మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. తరువాత వేగం తగ్గింది. 1998 జూన్‌లో డాడ్జర్స్ అతన్ని న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చివేశారు. 1999 మార్చిలో, పోటీలు మొదలు కాకముందే, మెట్స్ అతన్ని వదిలేశారు. చికాగో జట్టువారి చిన్న లీగులో కొద్దికాలం ఉండి, మిల్వాకీ జట్టులో చేరి ఆ ఏడు 12 ఆటలు గెలిపించాడు. 2000లో డిట్రాయిట్, 2001లో బోస్టన్.

మన ఊళ్ళలో తాపీ మేస్త్రీని చూసే ఉంటారు. ఒక ఊళ్ళో ఇల్లు పూర్తికాగానే తాపీ, రసమట్టం సంచిలో వేసుకుని మరొక ఊరికి పోతాడు. కొత్త ఊళ్ళో అతని పాత ఇళ్ళను ఎవరూ చూసి ఉండరు, కట్టబోయే గోడనే చూస్తారు. నోమో బతుకు అట్లా అయింది. ఇంగ్లీషు అంతగా మాట్లాడడు, దుబాసీ చేత చెప్పిస్తాడు. పేరు కన్నా బంతే ముందు మాట్లాడాలి.

2001 ఏప్రిల్ 4న బోస్టన్ జట్టు తరఫున అతని మొదటి ఆట బాల్టిమోర్‌లో జరిగింది. దీపాలు ఆరిపోయి ఆట ఆలస్యమయింది. ఆ రాత్రి నోమో 11 మందిని స్ట్రైక్ అవుట్ చేసి, 3–0తో రెండవ నో హిట్టర్ సాధించాడు. అమెరికాలోని రెండు పెద్ద లీగులలోనూ నో హిట్టర్ సాధించిన బహు కొద్దిమందిలో అతడొకడు. రెండేళ్ళ కిందట పనికిరాడని ఒక జట్టు వదిలేసిన మనిషి ఇతడే!

మళ్ళీ డాడ్జర్స్ పిలిచారు. 2002లోనూ, 2003లోనూ పదహారేసి ఆటలు గెలిపించాడు. తరువాత భుజానికి శస్త్రచికిత్స జరిగి, 2004లో 4 గెలుపులు, 11 ఓటములు. 2005లో టాంపా బే జట్టులో ఆడుతూ, జపాను, అమెరికా కలిపి తన 200వ గెలుపు పొందాడు. కొద్దివారాలకే ఆ జట్టూ అతన్ని వదిలేసింది.

ఆ తరువాత రెండున్నర ఏళ్ళకు పైగా అతనికి పెద్ద లీగులో చోటు దొరకలేదు. చిన్న లీగుల్లో ఆడాడు. వెనెజువేలా దేశానికి పోయి కరాకస్ జట్టుకు చలికాలపు పోటీలు ఆడాడు. 2008 ఏప్రిల్‌లో, ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసున, కాన్సస్ సిటీ జట్టు తరఫున మళ్ళీ పెద్ద లీగు మైదానంలో అడుగుపెట్టాడు. మూడు ఆటలు ఆడాడు. ఎదుటివారు అతని బంతులను దూరంగా కొట్టారు. జట్టు అతన్ని పంపివేసింది. ఆ జులైలో నోమో ఆట విరమించాడు. మామూలుగా అందరూ తృప్తిగా విరమిస్తున్నామంటారనీ, తనకు మాత్రం ఇంకా ఆడాలనే చింత మిగిలి ఉన్నదనీ అతడన్నాడు.

లెక్క చూద్దాం

జపానులో నోమో గెలుపులు 78, అమెరికాలో 123. మొత్తం ఎంతో మీరే కూడండి. స్ట్రైక్ అవుట్లు జపానులో 1,204, అమెరికాలో 1,918. ఇవి కూడా కూడండి. ఇప్పుడు మరొక అంకె చెబుతాను. అమెరికాలో అతని ఓటములు 109. అంటే గెలుపులకూ ఓటములకూ మధ్య తేడా పద్నాలుగే. పన్నెండు ఏళ్ళ ఆటలో గొప్ప పేరు తెచ్చుకున్న మనిషి ఇంచుమించు గెలిచినన్ని సార్లు ఓడిపోయాడు! పరీక్షలో ఒకసారి మార్కులు తగ్గగానే పుస్తకం మూసేసే పిల్లలూ, ఆ పిల్లలను పక్కింటి పిల్లలతో పోల్చే పెద్దలూ ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకుని చూడాలి.

నోమో దాటిన తరువాత ఆ దారి మళ్ళీ మూతపడలేదు. జపాను జట్లు మొదట నియమంలోని సందును మూసివేశాయి. కాని ఆటగాళ్ళు సక్రమంగా అమెరికా వెళ్ళే పద్ధతి ఒకటి 1998లో ఏర్పడింది. 2001లో ఇచిరో సుజుకి, 2003లో హిదేకి మత్సుయి వెళ్ళారు. బంతి విసరటంలోనూ కొట్టటంలోనూ మేటి అయిన షోహెయి ఒహ్తాని 2018లో వెళ్ళాడు. 2024లో అతను ఆడటం మొదలుపెట్టినది నోమో మొదట ఆడిన డాడ్జర్స్ జట్టులోనే. జపాను దేశపు బేస్‌బాల్ కీర్తిమందిరంలో 2014లో నోమో పేరు చేర్చారు.

వీటన్నిటికన్నా తక్కువమందికి తెలిసిన సంగతి మరొకటి ఉన్నది. 1990 తరువాత జపానులో వ్యాపారాలు మందగించి, ఎన్నో కంపెనీలు తమ జట్లను ఎత్తివేశాయి. నోమోకు ఫోర్క్ బంతి నేర్పిన సకాయి ఉక్కు కర్మాగారపు జట్టు కూడా అలా పోయింది. కోషియెన్ దాకా రాలేని బడిపిల్లవాడు ఇక ఎక్కడ నేర్చుకుంటాడు? 2003లో, అమెరికాలో ఆడుతూ ఉండగానే, నోమో అదే సకాయిలో కుర్రవాళ్ళ కోసం ఒక క్లబ్బు పెట్టాడు. తరువాత అది హ్యోగో ప్రాంతంలోని తొయోఒకా పట్నానికి మారింది. ఏ వృత్తి జట్టూ ఎంచుకోని కుర్రవాళ్ళు అక్కడ ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ ఆట నేర్చుకుంటారు. 2005లో, టాంపా బే జట్టు నోమోను వదిలేసిన ఆ ఏడే, అతని క్లబ్బు కుర్రవాళ్ళు జపాను క్లబ్బు జట్ల జాతీయ పోటీలో గెలిచారు.